కాగితం ఎవరి దగ్గరుంటే చరిత్ర వాళ్లదేనా?

దామరచర్ల మాల మాదిగల చరిత్ర రాయాలంటే మొదట ఎక్కడికి పోవాలి? ఈ మధ్య మేం నలుగురం కూచుని వేసుకున్న ప్రశ్న ఇది. ప్రశ్న చిన్నదే. జవాబు వెతకబోతే దారి కృష్ణ ఒడ్డున మొదలై హైదరాబాదు మీదుగా అమెరికా దాకా పోయింది. ఆ దారి ఎందుకంత దూరం పోయిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

దామరచర్ల మండలంలోనే వాడపల్లి వుంది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. అక్కడ అగస్త్యేశ్వరుని గుడి వుంది, లక్ష్మీనరసింహుని గుడి వుంది. గుళ్లున్న చోట శాసనాలుంటాయి, శాసనాలున్న చోటికి పండితులు వస్తారు. నల్గొండ జిల్లా శాసనాలు 1990లలో సంపుటాలుగా అచ్చయ్యాయి కూడా. మంచిదే. కానీ దానశాసనం ఏం చెప్తుంది? ఏలిన రాజు ఎవరు, ఇచ్చిన భూమి ఎంత, పుచ్చుకున్నాయన గోత్రం ఏది అని చెప్తుంది. ఆ భూమి దున్నింది ఎవరు, గుడికి రాళ్లు మోసింది ఎవరు, మోటకు తోలు బొక్కెన కుట్టింది ఎవరు అంటే రాయి నోరు విప్పదు.

రాయి వదిలేసి కాగితం దగ్గరికి వద్దాం. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నుంచి ఆసఫ్‌జాహీల దాకా పార్సీలో, ఉర్దూలో లెక్కలేనన్ని కాగితాలున్నాయి. వాటిలో మనవాళ్లు కనపడేది శిస్తు లెక్కల అడుగున, వెట్టి మీద వచ్చిన ఫిర్యాదుల్లో, నేరాల దస్త్రాల్లో. మనిషిగా కనపడరు, బాకీగా కనపడతారు. అంతకు మించి మనవాళ్ల పేర్లు, మాటలు, కుటుంబాల సంగతులు కావాలంటే? అవి ఎక్కువగా వున్నది అమెరికాలో. విచిత్రం ఏమంటే, అదే సమయంలో అమెరికా చరిత్ర మొత్తం మన హైదరాబాదులో బీరువాల్లో సర్ది వుంది. వాళ్ల చరిత్ర మన దగ్గర, మన చరిత్ర వాళ్ల దగ్గర. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సమానుల మధ్య జరిగింది కాదు. అందుకే దీన్ని వివరంగా చూడాలి.

చెత్తను దాచిన అచ్చుపనివాడు

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ పట్టణంలో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ అనే పరిశోధనా గ్రంథాలయం వుంది. 1812లో ఐజయా థామస్ అనే ముద్రాపకుడు దాన్ని స్థాపించాడు. ఏడేళ్ల వయసుకే అచ్చాపీసులో పనికి కుదిరినవాడు. బడి చదువు లేదు. అక్షరాలు పేరుస్తూ పేరుస్తూనే చదువు నేర్చుకున్నాడు. 1770లో సొంత పత్రిక పెట్టి, 1775లో ఇంగ్లీషు సైన్యం కన్నుగప్పి ప్రెస్సును బోస్టన్ నుంచి వూస్టర్‌కు తరలించాడు. ముసలితనంలో తన దేశపు అచ్చు చరిత్ర రాయడానికి పాత పత్రికలు పోగేసిన మనిషి, ఆ పోగును దేశానికే ఇచ్చేశాడు. 1640 నుంచి 1821 దాకా ఆ దేశంలో అచ్చయినట్టు తెలిసిన వాటిలో మూడింట రెండు వంతులు తమ దగ్గర వున్నాయని ఆ సంస్థ చెప్పుకుంటుంది. పాత వార్తాపత్రికల సంచికలే ఇరవై లక్షలకు పైన.

మేం పట్టించుకోవాల్సింది ఆ అంకెల్ని కాదు, అందులో ఏం దాచారన్నది. బజార్లో కానీకి అర్ధణాకు అమ్ముకునే పాటల కాగితాలుంటాయి చూడండి, మన జాతరల్లో అమ్మే పాటల పుస్తకాల వంటివి, అలాంటివి బోస్టన్‌లో వొంటి కాగితం మీద అచ్చేసి అమ్మేవాళ్లు. థామస్ 1810ల మొదట్లో వాటిని కట్టలుగా కొని బైండు చేయించి పెట్టాడు. మామూలు జనం ఈ కాలంలో ఏం పాడుకుంటున్నారో రేపటివాళ్లకు తెలియాలని దాచానని రాసిపెట్టాడు. ఆయన ఆ జనాన్ని గొప్పగా చూశాడని కాదు. కిందివాళ్ల సరుకనే అనుకున్నాడు. అయినా పారేయలేదు. పంచాంగాలు, దుకాణాల రశీదులు, బడిపిల్లల వాచకాలు, వేలం ప్రకటనలు అన్నీ అట్లాగే లోపలికి పోయాయి.

దీని ఫలితం నూట యాభై, రెండు వందల ఏండ్ల తర్వాత బయటపడింది. ఆ పాత పత్రికల్లో బానిసలు పారిపోయారని యజమానులు వేయించిన ప్రకటనలుంటాయి. వయసు ఇంత, ఒంటి రంగు ఇది, వీపు మీద ఈ మచ్చ, వేసుకున్న బట్టలు ఇవి, ఈ పని వచ్చు, పట్టిస్తే ఇంత బహుమానం. రాసినవాడు పట్టుకోవడానికి రాశాడు. నల్లజాతి చరిత్రకారులు అవే ప్రకటనలు తిరగేసి చదివారు. మనిషికి ఏ చేతిపని వచ్చో, ఎన్ని భాషలు మాట్లాడేదో, ఏ వూర్లో తల్లి వుందో, ఎన్నిసార్లు పారిపోయిందో అన్నీ అందులోనే దొరికాయి. 1796లో అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇంటి నుంచి ఓనా జడ్జ్ అనే బానిస యువతి పారిపోయింది. ఆమెను పట్టివ్వమని ఫిలడెల్ఫియా పత్రికల్లో ప్రకటన వేయించారు. ఆమె చివరిదాకా దొరకలేదు. 1840లలో బానిసత్వ వ్యతిరేక పత్రికలకు తన కథ తానే చెప్పింది. ప్రకటన దాచినందుకు ఆమె పారిపోయిన సంగతి మిగిలింది, ఆ చిన్న పత్రికలు దాచినందుకు ఆమె మాట మిగిలింది.

ఇంకో వుదాహరణ. 1663లో జాన్ ఎలియట్ అనే మతబోధకుడు అక్కడి ఆదివాసుల మసాచుసెట్ భాషలో బైబిలు అచ్చేయించాడు. అక్షరాలు కూర్చిన పనిలో నిప్ముక్ తెగకు చెందిన జేమ్స్ ప్రింటర్ చేయి వుంది. తర్వాత ఆ భాష మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు. 1990లలో వాంపనోగ్ తెగ వారసులు అదే బైబిలునూ తమ పూర్వీకులు సొంత భాషలో రాసుకున్న భూమి పత్రాల్నీ ముందేసుకుని ఆ భాషను మళ్లీ నోటికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పిల్లలు ఆ భాషలో మాట్లాడుతున్నారు. మతం మార్చడానికి వేసిన పుస్తకం పోయిన నాలుకను తిరిగి ఇచ్చింది. ఎవరు ఎందుకు రాశారన్నది ఒక సంగతి, దాన్ని ఎవరు ఎందుకు చదువుతారన్నది మరో సంగతి. ఈ రెండింటి మధ్య కాగితం బతికి వుండాలి. అంతే.

హైదరాబాదులో అమెరికా

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా చరిత్ర, సాహిత్యం, రాజకీయాల మీద అమెరికా బయట అంత పెద్ద లైబ్రరీ అరుదని చెప్పుకునేవాళ్లు. వలసల కాలం నాటి ప్రసంగాలు, రాజ్యాంగ సభ చర్చలు, అంతర్యుద్ధం మీద పుస్తకాలు అన్నీ అక్కడ దొరికేవి. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చి వారాల తరబడి వుండి చదువుకుపోయేవాళ్లు. తర్వాత దాని పేరు మారింది, అమెరికా డబ్బు ఆగింది, చివరికి ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

దాన్ని మేం తిట్టబోవడం లేదు. ఆ బీరువాల్లోనే ఫ్రెడరిక్ డగ్లస్, డుబోయ్, రిచర్డ్ రైట్ వున్నారు. మన విశ్వవిద్యాలయాల్లో నల్లజాతి సాహిత్యం మీద పరిశోధన చేసిన తరానికి అది ఆసరా. బానిసత్వ రద్దుకు పాటుపడిన అమెరికా ప్రజలకు ఫూలే 1873లోనే తన 'గులాంగిరి'ని అంకితమిచ్చాడు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత పాంథర్లయ్యారు. ఆ సంబంధం పాతదే. మా ప్రశ్న వేరు. నల్గొండ జిల్లా నుంచి పోయిన దళిత విద్యార్థి వర్జీనియా పొగాకు తోటల్లో బానిసకు ఎన్ని శేర్ల మక్కపిండి కొలిచారో ఆ లైబ్రరీలో కూచుని తెలుసుకోగలిగాడు. తన తాతకు జీతం కింద ఏడాదికి ఎన్ని కుంచాల జొన్నలు కొలిచారో తెలుసుకోవడానికి ఆ ఊర్లోనే కాదు, రాష్ట్రంలోనే ఒక్క బీరువా లేదు.

పీఎల్ 480 కథ కూడా ఇక్కడే చెప్పాలి. 1954 నాటి ఆ అమెరికా చట్టం కింద మనకు గోధుమలు వచ్చాయి. వాటి వెల మనం రూపాయల్లో కట్టాం. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భారతీయ భాషల పుస్తకాలు, పత్రికలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు. అందులో తెలుగూ వుంది. కరువు కాలంలో కడుపు కోసం తెచ్చుకున్న గింజ ఇట్లా మన పుస్తకాలకు ఓడ టిక్కెట్టయింది. ఇవాళ తెలుగు చిన్న పత్రిక పాత సంచిక మన జిల్లా గ్రంథాలయంలో లేకపోయినా అమెరికాలో ఏదో ఒక విశ్వవిద్యాలయంలో దొరుకుతుందంటే కారణం ఇదే. గోధుమ నూకల ఉప్మా తిన్న బడిపిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అట్లాంటాలో మన పేర్లు

దామరచర్లకు కృష్ణ ఒకప్పుడు సరిహద్దు. ఈ ఒడ్డు నిజాందీ, ఆ ఒడ్డు పల్నాడు కుంఫిణీదీ. పెన్సిల్వేనియా నుంచి 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హెయర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. గురజాల దామరచర్లకు ఏటి అవతలే. ఈ ఒడ్డుకు మిషన్లు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. అమెరికన్ బాప్టిస్టులు 1890లో నల్గొండలో, 1900 నాటికి సూర్యాపేటలో స్టేషన్లు తెరిచారు. నల్గొండలో మొదట దిగిన ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు. వాళ్లు చేరదీసింది ఎక్కువగా మాల మాదిగల్నే.

ఈ మిషన్ల కాగితాలు ఎక్కడున్నాయి? 1853లో మొదలైన అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో. 2008 నుంచి అది అట్లాంటాలో మెర్సర్ విశ్వవిద్యాలయం ఆవరణలో వుంది. ఉత్తరాలు, ఏటేటి నివేదికలు, పత్రికలు, ఫోటోలు అన్నీ అక్కడే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న లెక్క మనకు తెలిసింది ఆ కాగితాల వల్లే. దానికి ముందు కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు మట్టిపని ఇచ్చిన సంగతీ అందులోనే వుంది. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఊరూరా తిరిగి బోధ చేసిన వైనం అందులోనే వుంది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో చెప్పులు కుట్టేవాళ్ల కథలు అని మాదిగల కథలే ఒక పుస్తకంగా వేసింది. మాతంగి గురించి, మాదిగల పాత గురువుల గురించి మన పండితులు పట్టించుకోని కాలంలో ఆమె అడిగి రాసుకుంది.

అయితే అవి మన చరిత్ర పుస్తకాలని చేతులు జోడించి చదవొద్దు. అవి ఇంటికి రాసిన ఉత్తరాలు. చందాలిచ్చే పెద్దమనుషుల్ని కదిలించడానికి రాసినవి. అందుకే వాటిలో చీకటి మరీ చీకటిగా వుంటుంది, వెలుగు మరీ వెలుగుగా వుంటుంది. కానీ ఆదివారం పనికి రామన్నందుకు దొర బావి మూయించాడని, బడికి పోయిన పిల్లవాణ్ణి మళ్లీ పశువుల కాడికి పంపారని ఎక్కడో ఒక వాక్యం దొర్లితే, మనకు కావలసింది ఆ వాక్యం. పారిపోయిన బానిస ప్రకటనను నల్లవాళ్లు చదివినట్టు దాన్ని మనం చదవాలి.

అంబేద్కర్ మాట కూడా అక్కడే వుంది. 1946లో అమెరికా నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్యసమితికి తమ గోడు విన్నవించుకున్నారని తెలిసి ఆయన డుబోయ్‌కు ఉత్తరం రాశాడు. అస్పృశ్యుల స్థితి, నీగ్రోల స్థితి ఎంత దగ్గరో చెప్పి ఆ అర్జీ ప్రతులు పంపమని అడిగాడు. డుబోయ్ జవాబిచ్చాడు. ఈ ఉత్తరాలు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ లైబ్రరీలో డుబోయ్ కాగితాల్లో దొరుకుతాయి. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ఎవరైనా పైసా కట్టకుండా చదవొచ్చు. అన్నీ అట్లా లేవు. వూస్టర్ పాత పత్రికల్లో చాలా వాటి కంప్యూటర్ ప్రతులు చందా కట్టిన విశ్వవిద్యాలయాలకే తెరుచుకుంటాయి. తాళం మారింది కానీ పోలేదు.

మన గ్రంథాలయాలు దాచనిది

తెలంగాణలో గ్రంథాలయోద్యమం గొప్పదే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టాయి. ఉర్దూ రాజ్యంలో తెలుగుకు చోటు కోసం కొట్లాడాయి. కానీ ఏ తెలుగు? ప్రబంధాలు, శతకాలు, తాళపత్రాలు, నవలలు. చిందు భాగోతం, డక్కలి పటం, బైండ్ల కథ తెలుగు కాదా? వాటిని దాచాలని ఎవరికీ తోచలేదు.

మనవాళ్లు కాగితం లేనివాళ్లేం కాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టాడు. బడులు నడిపాడు, సభలు జరిపాడు, పత్రిక నడిపాడు. సంఘమన్నాక మినిట్స్ పుస్తకం వుంటుంది, చందా రశీదు వుంటుంది, కరపత్రం వుంటుంది. సభకొచ్చిన ప్రతి కరపత్రాన్నీ ఎవరన్నా దాచి వుంటే ఇవాళ హైదరాబాదు ఆదిహిందూ ఉద్యమ చరిత్ర ఎంత దళసరిగా వుండేదో ఆలోచించండి. ఆ లోటులో పి.ఆర్. వెంకటస్వామి ఒక్కడు 1955లో తను చూసిన పోరాటాన్ని ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాసి పెట్టాడు. అరవై అయిదేళ్లు అది దొరకని పుస్తకం. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చేసింది. ఒక మనిషి రాసినందుకు ఒక ఉద్యమం మిగిలింది. రాయనివాళ్ల ఉద్యమాలు ఎన్ని పోయాయో.

న్యూయార్క్‌లో ఆర్టురో షాంబర్గ్ అనే ఆయన వుండేవాడు. పోర్టోరికోలో పుట్టిన నల్లవాడు. నల్లవాళ్లకు చరిత్ర లేదని చిన్నప్పుడు బడిలో పంతులు అన్నాడని చెప్పుకునేవాడు. బ్యాంకులో ఉత్తరాల విభాగంలో ఉద్యోగం చేసుకుంటూ నల్లవాళ్లు రాసిన పుస్తకం, కాగితం, బొమ్మ ఏది దొరికినా కొన్నాడు. 1926లో ఆ పోగును న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 10,000 డాలర్లకు కొన్నది. ఇవాళ హార్లెంలో ఆయన పేరుతోనే పరిశోధనా కేంద్రం వుంది. థామస్ దాచినదాంట్లో నల్లవాడు పారిపోయినవాడిగా వున్నాడు. షాంబర్గ్ దాచినదాంట్లో రాసినవాడిగా వున్నాడు. రెండూ కావాలి. కానీ రెండోది ఇంకొకరు చేసి పెట్టరు.

ఇనుప పెట్టె

దామరచర్ల చుట్టుపక్కల ఏ దళితవాడకు పోయినా, ఏ తండాకు పోయినా, ఇంట్లో ఒక ఇనుప పెట్టె వుంటుంది. పెట్టెలో కాగితాలుంటాయి. అసైన్‌మెంట్ పట్టా, శిస్తు రశీదు, పాత రేషన్ కార్డు, బ్యాంకు నోటీసు, బాప్తిస్మం చీటీ, సంఘం సభకు పోయినప్పటి ఫోటో, కోర్టు సమన్లు. "చదువు రాకున్నా కాగితం పారెయ్యొద్దు బిడ్డా" అనేది మన అవ్వల మాట. ప్రభుత్వం ఎప్పుడేం అడుగుతదో అన్న భయం అది. ఆ భయమే మన ఆర్కైవ్స్.

ఆ పెట్టెలో లేని కాగితం కూడా ఒకటుంది. జీతం రాసిచ్చిన కాగితం. తండ్రి బాకీకి కొడుకు వేలిముద్ర వేసిన కాగితం దొర ఇంట్లోనే వుండేది, నకలు వుండేది కాదు. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చినా, దేశమంతా 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా, ఆ కాగితాలు బయటికి రాలేదు. చట్టం వచ్చినాక చింపేసినవి చింపేశారు. అందుకే ఆ చరిత్ర ఇప్పుడు నోట్లోనే వుంది. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలక ముందు జీతం వున్నవాళ్లు ఇప్పుడు ఎనభై దగ్గరికి వచ్చారు. వాళ్ల మాట రికార్డు చేయడానికి మనకు మహా అయితే పదేండ్లు. ఏం కొలిచారు, ఎవరు కొలిచారు, కాలువ వచ్చినాక ఏది మారింది, ఏది మారలేదు అని అడగాలి.

తొందర ఇంకొక కారణానికి కూడా. 2015లో ఈ మండలంలోని వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. వేల ఎకరాలు పోయాయి, అందులో ఎక్కువ అటవీభూమి. భూమి పోయినప్పుడు సర్వే నంబరు పోతుంది, ఊరు కదిలితే సమాధులు, ముత్యాలమ్మ గద్దె, మేరామా యాడి కొలుపు చోటు పోతాయి. పరిహారం దస్త్రం ఆఫీసులో మిగులుతుంది. అందులో మళ్లీ మనం ఎకరాలుగా, చెక్కు నంబర్లుగా కనపడతాం. శాసనంలో లేనివాళ్లం, శిస్తు లెక్కలో బాకీ అయినవాళ్లం, ఇప్పుడు చెక్కు నంబరు. మధ్యలో వున్న మనిషిని మనమే రాసుకోవాలి.

మేం కోరేది పెద్ద భవనం కాదు. చదువుకున్న పిల్లలు ముందు తమ ఇంటి పెట్టె తెరవాలి. ప్రతి కాగితానికీ ఫోటో తీయాలి. వెనకాల ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అని రాయాలి. అసలు కాగితం ఇంట్లోనే వుండాలి. పరిశోధకులమని వచ్చి అసలు పట్టుకుపోయి తిరిగి ఇవ్వనివాళ్ల సంగతి మన పల్లెలకు బాగా తెలుసు, ఆ పని మనం చేయొద్దు. చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు, బడిలో అడ్మిషన్ రిజిస్టరు వున్నాయి. చెదలు తినకముందే పాస్టర్లనూ పంతుళ్లనూ అడిగి నకలు తీసుకోవాలి. జాతరలో అమ్మే పాటల పుస్తకం, దండోరా సభ పోస్టరు, ఎన్నికల కరపత్రం, పెళ్లి శుభలేఖ, ఏదీ చిన్నది కాదు. వూస్టర్ అచ్చుపనివాడు మనకు నేర్పేది ఆ ఒక్క సంగతే. అట్లాంటాలో వున్న నల్గొండ, సూర్యాపేట కాగితాల ప్రతులు మనకు కావాలని మన విశ్వవిద్యాలయాలు రాతపూర్వకంగా అడగాలి. అడగడం భిక్ష కాదు. ఆ ఉత్తరాల్లో వున్నది మన తాతలు.

ఒక గది, ఒక బీరువా, ఒక రిజిస్టరు. అవి హైదరాబాదులో కాదు, దామరచర్లలో వుండాలి. రిజిస్టరులో మొదటి పేజీ మీద పెట్టె తెరిచి కాగితం చూపించిన అవ్వ పేరు రాయాలి.